పట్టణానికీ ఏటికీ మధ్య దారి వేసుకోవడం ఎలా

ఒడిశా వైపు పర్లాకిమిడిని ఒరుసుకుంటూ పారి వంశధారలో కలిసే మహేంద్రతనయ, రాయగడ పక్కన నాగావళి, గుణుపురం పక్కన వంశధార, మహారాష్ట్ర వైపు సిరొంచ దగ్గర ప్రాణహిత, ధర్మాబాద్ తాలూకాలో గోదావరి. మన తెలుగువాళ్లు తరతరాలుగా కాపురముంటున్న సరిహద్దు పట్టణాలలో ఏరు లేని ఊరు అరుదు. కొళాయిలు వచ్చాక ఏటితో పని తగ్గింది, పని తగ్గాక ఏటివైపు ఊరికి పెరడైంది, పెరడయ్యాక మురుగూ చెత్తా అటే చేరాయి. ఈ వరసను తిరగదోడి మనుషులు మళ్లీ నీటిదాకా వెళ్లగలిగేలా చేయాలనుకునే వార్డు సభ్యులకు, మహిళా సంఘాలకు, బడి పంతుళ్లకు పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇంజినీరు వచ్చి నక్షా గీసే ముందు ఊరివాళ్లు చేసిపెట్టుకోవలసిన పనులే ఇందులో ఎక్కువ, ఎందుకంటే ఆ పనులు జరగకుండా గీసిన నక్షా ఎంత అందంగా ఉన్నా వాన కురిసిన మొదటి ఏడే దాని లోపాలు బయటపడతాయి.

ముందు గట్టు వెంట నడవండి

పని మొదలుపెట్టేది కొలత టేపుతో కాదు, నోటు పుస్తకంతో. మీరు బాగుచేయాలనుకుంటున్న గట్టు పొడవునా తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకే వేళ ఒకసారి నడిచి, ఎవరు ఏ చోట ఏ పనికి వస్తున్నారో రాసుకోండి. నీరు సన్నగా పారే వైశాఖంలో ఒకసారి, నిండుగా పారే భాద్రపదంలో ఒకసారి ఇదే పని చేయాలి. ఏరు పాడుబడిపోయిందని, అటు ఎవరూ వెళ్లరని పట్టణంలో అనుకునే చోట కూడా సాకిరేవు బండ దగ్గర ఇద్దరు, గేదెలను దించే వాలు దగ్గర ఒకరు, వల విసిరేవారు, కర్మకాండ చేయించే బ్రాహ్మడు, బట్టలుతికే ఇల్లాళ్లు కనబడతారు. వీళ్లే మీ పథకానికి మొదటి హక్కుదారులు. వీళ్లను లేపేసి బెంచీలు వేస్తే అది ఏటికి ఊరును దగ్గర చేయడం కాదు, ఒక జనం చేతిలోనుంచి తీసి ఇంకొక జనం చేతిలో పెట్టడం.

ఆడవాళ్లు స్నానం చేసే రేవుల దగ్గర ఈ లెక్క ఆడవాళ్లే రాయాలి, ఫోటోలు తీయకూడదు. ఒక పట్టణంలో కొత్తగా కట్టిన స్నానఘట్టం దగ్గర మాతో వచ్చిన సంఘం సభ్యురాలు ఒక పెద్దావిడను, మెట్లు కట్టాక దిగడం సుళువైందా అని అడిగింది. "దిగడానికేంటమ్మా, తడిచీరతో బిందె చంకనెట్టుకొని పైకి రావడానికే భయమేస్తంది" అని ఆవిడ జవాబు. కొలిచి చూస్తే ఒక్కో మెట్టు జానెడుకు మించి ఎత్తు ఉంది, పైన నున్నటి టైలు పరిచారు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆ మెట్ల పక్కన మట్టి గట్టు మీద కాళ్లతో తొక్కి తొక్కి చేసుకున్న పాత దారినే జనం వాడుతున్నారు. అలాంటి కాలిబాటలన్నీ మీ పుస్తకంలో గుర్తు పెట్టుకోండి, కొత్త మెట్లు రావలసిన చోట్లు దాదాపుగా అవే.

ఆ నేల ఎవరి పేరున ఉంది

ఈ అధ్యాయం విసుగు పుట్టిస్తుంది, కాని దాటేయడానికి వీలులేదు. ఒడిశాలో అయితే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం), ప్లాటు నంబరు పెట్టి పట్టా తీయండి. అందులో "కిసం", అంటే నేల రకం, అనే గడిలో నది, జలాశయం, గోచరం వంటి మాట ఏది ఉందో, ఖాతా ప్రభుత్వానిదో, సర్వసాధారణ అనాబాదిలో (అందరి వాడకానికి ఉంచిన సాగుకాని భూమి) ఉందో, ఎవరి సొంతమో చూడండి. పత్రం ఒడియాలోనే ఉంటుంది కాబట్టి చదవగలిగినవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఊహించుకొని చదవకూడదు. హద్దు ఎక్కడో తేలకపోతే తహసీల్దారుకు అర్జీ పెట్టి ఆమీనుతో, అంటే సర్వేయరుతో, కొలిపించుకోవాలి. మహారాష్ట్ర వైపు ఈ పనికి తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర సాత్‌బారా అనే భూమి పత్రం తీస్తారు. చెరువు, గెడ్డ, మేత భూమి వంటి ఉమ్మడి వనరులను ఆక్రమణల నుంచి కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోను, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోను స్పష్టంగా చెప్పింది. అర్జీలో ఈ రెండు తీర్పులనూ పేర్కొనవచ్చు. అయితే గట్టు మీద గుడిసె వేసుకున్న పేదవాడి మీదకు ముందుగా ఈ కాగితం ఎత్తవద్దు. ఏటిలోకి గోడ జరిపిన పెద్ద ఇంటివాడిని వదిలేసి గుడిసెను పీకించిన పథకాలకు తరువాత ఊరిలో ఒక్క మనిషి సాయం రాడు.

వరద మట్టం

నదీతీరపు పని బాగా రావడమూ పాడవడమూ ఇక్కడే తేలుతుంది కాబట్టి దీని మీద ఎక్కువ రోజులు పెట్టండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లా కొండల మీద కురిపించిన వాన మహేంద్రతనయ, వంశధారల గట్టున ఉన్న ఇళ్లవారికి ఇంకా కళ్లకు కట్టినట్టుంది. 2017 జూలైలో నాగావళి పొంగి రాయగడ జిల్లాలో రైలు వంతెననే కొట్టుకుపోయింది. ప్రాణహిత, గోదావరి కలిసే సిరొంచ ప్రాంతంలో 2022 జూలై వరదను గుర్తు చేయనక్కరలేదు. ఈ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గట్టున ఉన్న ప్రతి వీధిలో మూడు నాలుగు ఇళ్లలోనైనా అడిగి, గోడ మీద వేలు పెట్టి చూపమని, అక్కడ సుద్దముక్కతో గీత గీయండి.

గోడ మీది మరకను మాత్రం కళ్లు మూసుకొని నమ్మవద్దు. నేను ఒకసారి అలా నమ్మి దెబ్బతిన్నాను. ఒక పాత ఇటుక గోడ మీద నడుమెత్తున కనబడిన గీతను వరద గుర్తుగా రాసుకొని, దాన్నిబట్టి గట్టు మీది అరుగు ఎత్తు లెక్కవేశాను. ఎదురింటివారు చూపిన గుర్తు నా గీతకన్నా మూరెడు కిందికి ఉండడంతో అనుమానం వచ్చి మళ్లీ చూస్తే, నేను రాసుకున్నది ఇటుకలు నేలలోని తడిని పైకి పీల్చుకోగా ఏర్పడిన చెమ్మ గీత. చెమ్మ గీత వంకరటింకరగా ఉంటుంది, దాని అంచున సున్నం ఉబ్బి ఉప్పు పొక్కి ఉంటుంది. వరద గీత మట్టంగా ఉంటుంది, గోకితే సన్నటి ఒండ్రు రాలుతుంది, పక్క గోడ మీద కూడా అదే ఎత్తున దొరుకుతుంది. మూడు చోట్ల కలిస్తేనే గీతను ఖాయం చేయండి.

ఆ గీతను గట్టు మీదకు తేవడానికి పెద్ద యంత్రం అవసరం లేదు, తాపీమేస్త్రీ దగ్గర ఉండే లెవెల్ పైపు చాలు. పాతిక అడుగులకు తక్కువ కాని పారదర్శకమైన గొట్టాన్ని నీటితో నింపి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా వేలితో తడుతూ పోగొట్టాలి, ఎందుకంటే బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. నీటిలో చిటికెడు పసుపు కలిపితే గీత బాగా కనబడుతుంది. ఒక కొసను సుద్ద గీత దగ్గర పట్టుకొని, రెండో కొసను ఏటివైపు పాతిన కర్రకు ఆనించి, రెండు కొసలలోనూ నీరు నిలకడగా నిలిచాక కర్ర మీద గుర్తు పెట్టండి. నేల వాలుగా ఉంటుంది కనుక గుర్తు కర్ర కొసను దాటిపోయే చోట, కొలిచి దించిన కొత్త గుర్తుతో మళ్లీ మొదలుపెట్టి, ఎంత దించారో ప్రతిసారీ రాసుకోవాలి. ఇలా నీటి అంచుదాకా వచ్చేసరికి మామూలు రోజు నీటికీ ఆ ఏటి వరద గీతకూ మధ్య ఎన్ని అడుగుల తేడా ఉందో మీ చేతిలో ఉంటుంది.

తరువాత గట్టును మూడు మట్టాలుగా విడగొట్టుకోండి. ఎప్పుడూ తడిగా ఉండే అడుగు మట్టంలో రాయి, ముతక కాంక్రీటు తప్ప ఏదీ పెట్టకూడదు. ఏటా మునిగే మట్టంలో మెట్లు, రాతి అరుగులు, పచ్చిక, మట్టి ఆటస్థలం వంటివి, అంటే మునిగినా కడిగితే సరిపోయేవి ఉండవచ్చు. కరెంటు పెట్టె, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, టీ కొట్టు ఇవన్నీ పెద్ద వరద గీతకు పైన మాత్రమే. మహారాష్ట్రలో ఈ విభజన నియమంగానే ఉంది. పాతికేళ్లకొకసారి వచ్చే వరదకు నీలి గీత, నూరేళ్లకొకసారి వచ్చే వరదకు ఎర్ర గీత గుర్తిస్తారు, నీలి గీతకు లోపల తోట, ఆటస్థలం వంటి ఖాళీ వాడకాలే తప్ప కట్టడాలకు అనుమతి ఉండదు. మీ ఊరికి ఆ గీతలు గుర్తించారో లేదో నీటివనరుల శాఖ కార్యాలయంలో అడగండి.

ధర్మాబాద్ వైపువారు ఇంకొక సంగతి చూసుకోవాలి. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గోదావరి మీది బాభళీ బ్యారేజీ గేట్లు ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలి. తరువాత దించుతారు కాబట్టి బ్యారేజీకి ఎగువన అదే రేవులో నీటిమట్టం వానాకాలం ఒక తీరుగా, శీతాకాలం ఇంకొక తీరుగా ఉంటుంది. బ్యారేజీ ఉన్న చోట మెట్లను ఒక్క మట్టానికే కడితే సగం ఏడాది అవి నీళ్లలోనో, నీటికి దూరంగానో ఉండిపోతాయి.

మురుగు తేలకుండా మెట్లు కట్టవద్దు

నా అనుభవంలో జనం ఎక్కువగా కోప్పడే మాట ఇదే, ఎందుకంటే మెట్లు ఫోటోలో పడతాయి, మురుగుకాలువ పడదు. అయినా చెప్పక తప్పదు. గట్టు వెంట నడిచినప్పుడు ఏటిలో పడే ప్రతి కాలువనూ, తూమునూ గుర్తించి, వాన లేని రోజున కూడా పారుతున్నవి ఏవో వేరుగా రాయండి. ఎండాకాలంలో పారే కాలువలో ఉన్నది వాననీరు కాదు, ఇళ్ల మురుగు. స్నానానికి పనికివచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలతలు పెద్ద కష్టమైనవి కావు. బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ 6.5కు 8.5కు మధ్య ఉండాలి, మలసంబంధమైన కోలీఫారం బ్యాక్టీరియా సంఖ్య 100 మిల్లీలీటర్లకు 500లోపు ఉంటే మంచిది, 2500 దాటితే పనికిరాదు. రేవుకు పైన ఒక నమూనా, కాలువ కలిసిన తరువాత కింద ఒక నమూనా పరీక్ష చేయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపితే మునిసిపాలిటీలో వాదన సగం తగ్గుతుంది.

చిన్న పట్టణంలో మురుగు మొత్తానికీ పెద్ద శుద్ధి కేంద్రం రావడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు చేయగలిగినవి ఉన్నాయి. కాలువ నోటికి చెత్త ఆపే ఇనుప జల్లెడ పెట్టి దాన్ని వారానికి రెండుసార్లు తోడించడం, సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని నేరుగా కాలువలోకి వదిలిన ఇళ్లకు ఇంకుడుగుంత తవ్వించడం, చోటు ఉంటే కాలువను ఏటికి ముందు లోతు తక్కువ మడుగులోకి మళ్లించి అందులో జమ్ము, మెట్టతామర పెంచడం. బెంగళూరులోని జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని ఇలాంటి జమ్ము మడుగుల గుండా పంపి చెరువులోకి వదులుతారు, అక్కడ చేపలు పట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. మడుగు ఒకటి తవ్వినంత మాత్రాన నీరు తేటపడదు, ఏటా జమ్ము కోసి ఒండ్రు తీయాలి, లేకపోతే అదే దోమల గుంట అవుతుంది.

ఇక మెట్లు, నీడ

సభలో ఎవరో ఒకరు ఫోనులో అహమదాబాద్ సబర్మతి తీరం బొమ్మ చూపించి మనకూ ఇలాగే కావాలంటారు. 2012లో ప్రజలకు తెరిచిన ఆ పనిలో నదిని రెండువైపులా గోడలు కట్టి 263 మీటర్ల ఒకే వెడల్పుకు తెచ్చారు, గట్టున ఉన్న పదివేలకు పైగా కుటుంబాలను వేరే చోటికి తరలించారు, నిండుగా కనబడే నీరు నర్మద కాలువది. సియోల్ నగరంలో పైవంతెన రహదారిని కూల్చి 2005లో తెరిచిన చోంగ్గేచోన్ 5.8 కిలోమీటర్ల వాగులో కూడా ఎక్కువ నీరు హాన్ నది నుంచి పంపులతో తెచ్చి పోస్తున్నదే. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వాటి వెనుక ఉన్న డబ్బూ నీరూ మన దగ్గర లేవు. మహేంద్రతనయ వేసవిలో ఇసుక మీద సన్నని పాయగా పారుతుంది. దానికి నిలువు గోడ కడితే ఏడాదిలో ఎక్కువ నెలలు గోడ కింద ఇసుకే కనబడుతుంది, వరదలో ఆ గోడ నీటిని అవతలి గట్టు ఊరి మీదకు తోస్తుంది. మన పట్టణాలకు పొడవాటి ఒకే కట్టడం కన్నా వీధి చివర్లలో అయిదారు చిన్న రేవులు, వాటిని కలిపే మట్టి నడకదారి చాలు.

రేవు మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకుండా, అడుగు పెట్టే వెడల్పు 35 నుంచి 40 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. తడికాలుతో బరువు మోసే మనిషికి ఇంటి మెట్ల కొలత సరిపోదు. పది మెట్లకొకసారి బిందె దించి ఊపిరి తీసుకునేంత అరుగు, ఒక పక్క కమ్మీ, పైన గరుకు రాయి ఉండాలి. నీటిలో మునిగే చివరి రెండు మెట్లకు పాచి తప్పదు, వాటి మీద అడ్డంగా వేలిలోతు గాడులు కొట్టిస్తే కాలు జారదు. కనీసం ఒక్క రేవులోనైనా 12కు 1 వాలుతో చక్రాల కుర్చీ దిగే దారి పెట్టండి, ఆ దారిలోనే సైకిలూ గేదే కూడా దిగుతాయి. సాకిరేవు బండను కదపవద్దు. కోతపడే గట్టుకు రాతి గోడ వేయడానికి ముందు వట్టివేరు నాటి చూడండి, నీడకు తెల్లమద్ది, నేరేడు, కానుగ వేయండి, ఇవి ఏటి గట్టు చెట్లే కాబట్టి కొన్నాళ్లు మునిగినా బతుకుతాయి. దీపాలు మెట్ల మీద పడాలి, నీటి మీద కాదు.

సభ, భాష, డబ్బు

నిర్ణయం తీసుకునే సభను మునిసిపాలిటీ హాలులో కాకుండా రేవు దగ్గరే, చాకలివారూ చేపలవారూ పని ముగించుకున్న వేళ పెట్టండి. మన దగ్గర ఒకే గట్టు మీద కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా కుటుంబాలు బొయిత వందాపన అనే పడవల పూజకు కాగితపు పడవలు వదులుతాయి, కార్తీకం వెళ్లాక పోలి పాడ్యమినాడు మన ఆడవాళ్లు అరటిదొప్పలో దీపాలు వదులుతారు. కాబట్టి మాటలు ఒడియాలో, తెలుగులో, కొండవైపు నుంచి వచ్చేవారుంటే సవరలో కూడా సాగాలి. బోర్డులూ అంతే. సవర భాష నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, "ప్రవేశం నిషిద్ధం" అని జనం వాడని మాటలతో బోర్డు పెట్టడం కొంచెం సిగ్గుపడవలసిన సంగతి. "నీళ్లు లోతు, ఇక్కడ దిగొద్దు" అంటే సరిపోతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పట్టణ నీటి పథకం అమృత్ 2.0లో చట్టబద్ధ పట్టణాలన్నిటికీ జలవనరుల పునరుద్ధరణకు చోటు ఇచ్చారు. ఒడిశాలో 2020లో కోవిడ్ కాలంలో వచ్చిన పట్టణ ఉపాధి పథకం, తరువాత ముక్తా పేరుతో సాగినది, చిన్న పనులను కాంట్రాక్టరు లేకుండా మహిళా సంఘాల చేత చేయించే మార్గం చూపింది. మీ ప్రతిపాదనను ఒక్క పెద్ద పనిగా కాకుండా, రేవుకు ఒకటి, కాలువకు ఒకటి, చెట్లకు ఒకటిగా విడగొట్టి ఇవ్వండి, ఒకటి ఆగినా మిగిలినవి కదులుతాయి.

కట్టిన తరువాత

నిర్వహణకు పేరు రాసిన మనిషి ఉండాలి, కమిటీ అని రాస్తే ఎవరూ ఉండరు. వినాయక చవితికి, దసరాకు నిమజ్జనం కోసం ఏటి పక్కన విడిగా గుంట తవ్వి అడుగున ప్లాస్టిక్ పట్టా పరచండి. కేంద్ర కాలుష్య మండలి 2020 మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను వద్దన్నాయి, మట్టి విగ్రహాలకు ఇలాంటి తాత్కాలిక గుంటలు చూపమన్నాయి. అరటిదొప్పలనూ కాగితపు పడవలనూ మరునాడు పొద్దున్నే దిగువ రేవులో వల అడ్డుపెట్టి తీయించాలి, వాటిలో థర్మోకోలు పడవలు కనబడితే వచ్చే ఏటికి బడిపిల్లలతో కాగితం, అరటిదొప్ప పడవలే చేయించండి.

సుద్దతో గీసిన వరద గుర్తును రేవు దగ్గర ఒక రాయి మీదకు దించి, దానికి ఏటా వానలు మొదలయ్యే ముందు మళ్లీ రంగు వేయించి, కొత్త గుర్తు వస్తే సంవత్సరంతో సహా చెక్కించండి. వరద నీరు తీసిన రెండు మూడు రోజుల్లోనే, ఒండ్రు ఇంకా తడిగా ఉండగా, పై మెట్టు నుంచి కిందికి పారతో తోసి, వెనకనే బిందెలతో నీళ్లు కొట్టాలి. ఎండనిస్తే ఆ ఒండ్రు ఇటుకలా గట్టిపడి పలుగుతో తప్ప ఊడదు, ఊడేటప్పుడు మెట్టు అంచులను కూడా పట్టుకొస్తుంది.